ఆర్మా వరుసలో ఖాళీ గడి

ఆక్లండ్ శివారు మనురేవాలో లక్ష్మీబాయి ఇంటి గరాజులో నేను అద్దెకుంటున్నాను. కారు పెట్టుకునే గరాజు కాదిప్పుడు. ఆమె భర్త మొగిలయ్య దానికి గోడ కట్టి, కార్పెట్ పరిచి, గదిగా మార్చాడు. ఏ దేశంలోనూ రెండేళ్ళకు మించి నిలవని నాకు అదే ఎక్కువ. మౌల్మెయిన్‌లో ఇంతకన్నా చిన్న గదిలో ఉన్నాను, డర్బన్‌లో ఇంతకన్నా చెమ్మగా ఉన్న గదిలో ఉన్నాను. కానీ ఎక్కడా ఇంటావిడ తలుపు కొట్టకుండా లోపలికి రాలేదు. లక్ష్మీబాయి కొడుతుంది, కాదనను. కొట్టడమూ తెరవడమూ ఒక్కసారే జరుగుతాయి.

"సారూ, పండుకున్నరా?"

"పడుకుంటే ఈ పుస్తకం ఎవరు పట్టుకున్నట్టమ్మా?"

"సరే గనీ, పందొమ్మిది వందల యాభై ఒకటిల ఇంగ్లండుల ఎలక్షన్లు అయినయా, కాలేదా?"

సాయంత్రం ఆరు గంటలకు, డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా, చేతిలో కూరగాయల సంచీతో వచ్చి అడగవలసిన ప్రశ్నేనా ఇది? అయ్యాయన్నాను. అక్టోబరు ఇరవై అయిదు అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. నా మంచం మీద కూర్చుంది. అంటే ఇక ఆ సాయంత్రం నా పుస్తకం సంగతి అంతే.

లక్ష్మీబాయికి యాభై ఏడేళ్ళు. మెట్‌పల్లి దగ్గర పల్లెటూరు. పదేళ్ళ వయసు నుంచీ బీడీలు చుట్టింది. ఇప్పటికీ ఊరికే కూర్చుంటే ఆమె వేళ్ళు చేతిరుమాలునో, బస్సు టికెట్టునో చుట్టి, మొన మడిచి, లేని దారం కట్టేస్తుంటాయి. మొగిలయ్య మస్కట్‌లో హోటలు వంటవాడుగా ఉండి, అక్కణ్ణుంచి ఆక్లండ్‌లో ఒక రెస్టారెంటుకు వచ్చాడు. రెసిడెన్సీ వచ్చాక భార్యనూ కూతురు నవీననూ పిలిపించుకున్నాడు. వచ్చిన కొత్తలో లక్ష్మీబాయికి ఇంగ్లీషు నాలుగు మాటలు. మిగతాదంతా ఆమె పనిచేసే వృద్ధుల హోమ్‌లోని ముసలివాళ్ళే నేర్పారు. అందుకని ఆమె ఇంగ్లీషులో డెబ్బై ఏళ్ళ కిందటి మర్యాదలుంటాయి, యాస మాత్రం మెట్‌పల్లిది. ఫ్లాట్ బుష్‌లో కొత్త ఇళ్ళు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలు ఆమె మాటలకు నవ్వుతారు. నవ్వే ముందు ఆ పిల్లలు తెలుగులో ఒక్క వాక్యం పూర్తిగా చెప్పి చూపిస్తే నేనూ నవ్వుతాను.

ఇంతకీ ఆ ఎన్నికల గొడవ.

హోమ్‌లో పద్నాలుగో గదిలో ఐరీన్ గ్రేసీ అనే ఆవిడ ఉంటుంది. తొంభై నాలుగేళ్ళు. పుట్టింది బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండులో, ఆర్మా దగ్గర ఒక ఊళ్ళో. యాభై రెండులో ఓడెక్కి ఈ దేశం వచ్చింది. ఆ గది కిటికీ బయట ఒక కోవై చెట్టుంది. సెప్టెంబరులో పసుపుపచ్చ పూలు గుత్తులుగా వేలాడితే, గొంతు కింద తెల్లని కుచ్చు ఉండే టూయీ పిట్టలు వచ్చి పొద్దంతా తగవులాడుకుంటాయి. లక్ష్మీబాయి దాన్ని రేల చెట్టు అంటుంది. కాదమ్మా, పూల రంగు ఒకటైనంత మాత్రాన అది వేరు చెట్టు, ఇది వేరు చెట్టు అని రెండేళ్ళుగా చెబుతున్నాను. "రంగైతే గదే గదా సారూ" అంటుంది. వదిలేశాను.

గ్రేసీ అమ్మగారు రోజూ చెప్పే కథ ఒకటుంది. ఇరవై ఒకటి నిండాక తొలిసారి ఓటేయడానికి, అమ్మ కుట్టిన కొత్త నీలం కోటు వేసుకుని రెండు మైళ్ళు నడిచి బడికి వెళ్ళిందట. బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారట. ఇక్కడ ఎన్నికలు లేవమ్మాయ్ అని టీచరు నవ్విందట. మళ్ళీ రెండు మైళ్ళు వెనక్కి. "మా ఊరికి ఎలక్షనే పెట్టలేదు" అని డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా నిన్న జరిగినట్టు మండిపడుతుంది. ఆ తర్వాత ఈ దేశంలో ఒక్క ఎన్నికా వదలలేదట.

హోమ్‌లో ఒక పద్ధతి ఉంది. ప్రతి డ్యూటీ చివరా, ఎవరు ఎంత తిన్నారు, ఎలా పడుకున్నారు, ఎలా ఉన్నారు అని కంప్యూటరులో రెండు ముక్కలు రాయాలి. మిగతావాళ్ళు 'బాగుంది' అని కొట్టి ఇంటికి పోతారు. మన లక్ష్మీబాయి మాత్రం రాస్తుంది! రాయడం ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకుండే మోజు అది. గ్రేసీ అమ్మగారి పేజీలో ఆమె ఏడాది పొడవునా ఏం రాసిందయ్యా అంటే, 'యాభై ఒకటిలో తమ ఊళ్ళో ఎలక్షన్ కాలేదని చెప్పింది. చాలా కోపం. రోజూ ఇదే కథ.' ముచ్చటగా ఉంటుందని రాసింది మహాతల్లి.

పోయిన సోమవారం గ్రేసీ అమ్మగారు కోటు వేసుకుని గేటు దాటింది. అరగంట తర్వాత బస్టాపు దగ్గర దొరికింది. ఈ దేశంలో ఎన్నికలకు రెండు నెలల ముందు నుంచే కంచెల మీద అభ్యర్థుల ముఖాలతో బోర్డులు వెలుస్తాయి కదా, వాటిని ఒక్కొక్కటే చదువుతోందట. ఎందుకమ్మా బయటికొచ్చావు అంటే, "మొదటిసారి ఓటేయడానికి నడిచి వెళితే ఎలక్షనే లేదు. ఈసారి ముందే చూసుకుంటున్నాను" అందట. అంతే. మేనేజరు ఆ పేజీ తీసింది. ఏడాది రాతలు వరసగా కనిపించాయి. వెల్లింగ్టన్‌లో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన కొడుకు కెనెత్‌కు ఫోను చేసింది. ఆయన ఇంటర్నెట్టులో చూసి, ఆ ఎన్నికల్లో దేశమంతా నూటికి ఎనభై రెండు మంది ఓటేశారు, మా అమ్మ జరగనిది జరిగినట్టూ జరిగింది జరగనట్టూ ఊహించుకుంటోంది అని తేల్చాడు. వచ్చే శుక్రవారం అసెస్‌మెంటు. అందులో మతి తప్పిందని తేలితే పద్నాలుగో గది ఖాళీ చేయించి, వెనకవైపు తాళాలు వేసి ఉండే విభాగానికి మారుస్తారు. అక్కడ కిటికీలు కార్ల పార్కింగు వైపు ఉంటాయి. తలుపు తీయాలంటే నంబరు నొక్కాలి. ఆ నంబరు ముసలివాళ్ళకు చెప్పరు.

"నా రాత వల్లనే సారూ" అంది లక్ష్మీబాయి. "నేను రాయకుంటె గాళ్ళకు తెలుస్తుండెనా? ముసలామె తిక్కది గాదు. నన్ను చూడంగనే మొదలు మీ గురించి అడుగుతది, మీ గరాజు సారు ఇంకా ఉన్నడా, పారిపోయిండా అని."

ఈ మాటకు నాకు సంతోషం కలగాలో కోపం రావాలో తెలియలేదు. ఫోను తీశాను.

యాభై ఒకటి నాటి బ్రిటిష్ ఎన్నికలంటేనే చిరాకు పుట్టించే ఎన్నికలు. ఎక్కువ ఓట్లు ఒక పార్టీకి, ఎక్కువ సీట్లు ఇంకో పార్టీకి. లేబరు పార్టీకి కోటీ ముప్ఫై తొమ్మిది లక్షల ఓట్లు వచ్చి ఓడిపోయింది. స్కాట్లండులో చూడబోతే చెరో ముప్ఫై అయిదు సీట్లు, మధ్యలో లిబరల్ ఒక్కడు. అన్నదమ్ములు గోడ కొలిచి ఇల్లు పంచుకున్నట్టుంది. ఇదంతా లక్ష్మీబాయికి వివరించబోయాను.

"స్కాట్లండు మనకెందుకు సారూ? ఆర్మా జూడుండ్రి."

"ఆర్మా ఒక్కటే విడిగా లేదమ్మా. ప్రాంతాల వారీగా ఉంది. ఉత్తర ఐర్లండు... పన్నెండు సీట్లు. బ్రిటన్‌తోనే ఉందామనే యూనియనిస్టులకు తొమ్మిది, మిగతావాళ్ళకు మూడు. పోలైంది..." అని ఆగాను.

"ఎంత?"

"ఎనభైకి పిసరు తక్కువ."

దేశం లెక్కలో ఎనభై రెండు, ప్రాంతం లెక్కలో ఎనభై. నూటికి ఎనభై మంది ఓటేసిన చోట ఎన్నికలే జరగలేదని చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు? మీ ముసలామె పొరబడిందమ్మా, డెబ్బై ఏళ్ళంటే మాటలా, ఏ పంచాయతీ ఎన్నికో, ఏ చర్చి ఎన్నికో కలిపేసుకుని ఉంటుంది అన్నాను. పెద్ద తెలివైనవాడిలా ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాను. అవి ఇక్కడ రాయను.

లక్ష్మీబాయి లేవలేదు. చేతిలోని సూపర్‌మార్కెట్ రసీదును బీడీ చుట్టేసింది. చుట్టి, మొన మడిచి, అడిగింది.

"గా ఎనభై, ఏ ఊర్లె ఎనభై?"

"అన్ని ఊళ్ళదీ కలిపి."

"అన్నీ కలిపిన్రా, ఓట్లయిన ఊర్లయే కలిపిన్రా?"

"అదేం ప్రశ్న?"

"మీకు పంచాయతి ఎలక్షన్లు తెల్వయి సారూ. మీరు ఊర్లె ఎప్పుడున్నరు గనుక! మా ఊరు ఏకగ్రీవం. ఊరోళ్ళంత కూసొని, గుడి కట్టిస్తనన్నోన్ని ఒక్కన్నే నిలబెట్టి, మిగిలినోళ్ళతోని నామినేషన్లు వాపసు తీపిస్తరు. ఇగ ఓట్లెక్కడియి? నేను పెండ్లయి వచ్చిన ఏడు గిట్లనే అయింది. పెండ్లి చీర కట్టుకొని పోదామనుకున్న. మా అత్త నవ్వింది, ఓట్లు లేవు ఏం లేవు, బీడీలు చుట్టు పో అన్నది. మొన్న మొన్న గూడ మళ్ళ ఏకగ్రీవమే. మా మరిది వాట్సప్‌ల పేపర్ పంపిండు, మా మండలంల ఎనభై ఎనిమిది శాతం పోలింగ్ అని. మా ఊర్లె ఒక్క ఓటు వడలే! పేపరోడు ఓట్లయిన ఊర్లే లెక్కవెడతడు."

నలభై ఏళ్ళుగా పట్టికలూ గణాంకాలూ చదువుతున్నాను. ఆ అడ్డగీతల మధ్య శాతం అన్న మాట చూడగానే నమ్మేస్తాను. ఏ ఊళ్ళను కలిపారు అని అడగాలని ఎప్పుడూ తోచలేదు. నన్ను నేనే తిట్టుకుంటూ మళ్ళీ వెతికాను. ఈసారి నియోజకవర్గాల జాబితా. ఎ అక్షరంతోనే మొదలు కాబట్టి ఆట్టే దూరం పోనక్కరలేకపోయింది. ఆర్మా. యూనియనిస్టు అభ్యర్థి. ఓట్లు ఉండవలసిన గడిలో అంకె లేదు. పోటీ లేదని రాసి ఉంది. ఆర్మా ఒక్కటే కాదు, ఆ పన్నెండింటిలో నాలుగు అలాగే ఉన్నాయి. అసలు ఆ ఏడు బ్రిటన్ మొత్తంలో పోటీ లేనివి ఆ నాలుగే.

"ఏకగ్రీవం!" అంది లక్ష్మీబాయి, సొంత మరిది గెలిచినంత సంబరంగా.

మర్నాడు ఫోనులో ఆ పేజీ మేనేజరుకు చూపించింది. మేనేజరు కెనెత్‌కు పంపింది. ఆయన జవాబు చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంటర్నెట్టులో ఎవరైనా ఏదైనా రాయవచ్చు, ప్రాంతం మొత్తం మీద ఎనభై శాతం అన్న లెక్క స్పష్టంగా ఉంది అని. ఎనభై రెండు ఆయనకు ఎక్కడ దొరికిందో! అదీ ఇంటర్నెట్టులోనే కదా! తనకు నచ్చిన అంకె లెక్క, నచ్చనిది పుకారు. జీవితమంతా ఆఫీసులో పట్టికలు తయారుచేసిన మనిషి ఆయన.

సరే, అచ్చు పుస్తకమే కావాలి. నా మోకాళ్ళ మాట ఎవరూ అడగలేదు. గురువారం వానలో రైలెక్కి ఆక్లండ్ నడిబొడ్డులోని లైబ్రరీకి వెళ్ళాను. కౌంటరులోని కుర్రదానికి యాభై ఒకటి నాటి బ్రిటిష్ ఎన్నికల ఫలితాలు కావాలంటే, ఏ పరిశోధన కోసం అని అడిగింది. ఒక గది కోసం అన్నాను. ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, ఫారం నింపమంది. ఫారంలో నా చిరునామా దగ్గర 'గరాజు' అన్నదాన్ని కంప్యూటరు ఒప్పుకోలేదు. గంటసేపు కూర్చున్నాక లోపలి అరల్లోంచి ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. అందులోనూ ఆర్మా వరుసలో పేరుంది, ఓట్లు లేవు. కింద చిన్న అక్షరాలలో ఒక గమనిక, పోలైన శాతం పోటీ జరిగిన స్థానాలకు మాత్రమే అని. చిన్న అక్షరాలలో! మనిషి మతిని తేల్చే మాటను చీమ కాళ్ళంత అక్షరాలతో అచ్చు వేసినవాణ్ణి ఏమనాలి? పేజీకి రెండు కాపీలు తీయించాను. ఒకటి తడిసిపోతుందని నాకు తెలుసు. తడిసింది.

శుక్రవారం సమావేశానికి లక్ష్మీబాయిని ఎవరూ పిలవలేదు. టీ విరామంలో కాగితం పట్టుకుని తానే వెళ్ళింది. సాయంత్రం వచ్చి, షరా మామూలుగా తలుపు కొడుతూ తెరిచి, నా మంచం మీద కూర్చుని చెప్పింది. మొగిలయ్య కూడా హోటలుకు పోబోతూ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"పోంగనే మేనేజరు అన్నది, లక్ష్మీ, నీకిక్కడ ఏం పని అని. అసెస్‌మెంట్ చేసే మేడమ్ ఉన్నది, కొడుకు వచ్చిండు, ముసలామె నడుమ కూసున్నది. కోటు ఏసుకున్నది సారూ! నీలం కోటు, కొత్తదే. మేడమ్ అడుగుతుంది, ఇప్పుడు మన ప్రధానమంత్రి ఎవ్వలు అని. ముసలామె అన్నది, వచ్చే నెల ఎలక్షన్ ఉన్నది, ఇప్పుడు చెప్తె మళ్ళ మార్చాలె, ఆగు అన్నది."

మొగిలయ్య నవ్వాడు. "తిక్కదైతే గంత మాట అంటదా?"

"నువ్వు ఆగు. కొడుకు మళ్ళ మొదలువెట్టిండు. ఎనభై శాతం, ఎనభై శాతం. నేను కాగితం టేబుల్ మీద పెట్టిన. సర్, మీ అమ్మ చెప్పింది సత్యం, ఈ గడిల ఓట్లు లేవు, కింద చిన్నగ రాసింది గూడ చదువుండ్రి అన్న. ఆయన అద్దాలు పెట్టుకున్నడు. చదివిండు. మళ్ళ చదివిండు. మేడమ్ తీసుకొని చదివింది. మీకెట్ల తెలుసు అని నన్ను అడిగింది. మా ఊరు గిట్లనే ఉంటది మేడమ్ అన్న. గంతే."

"మరి కొడుకేమన్నాడు?"

"తల్లి దిక్కు చూసి, మీరు నాకెప్పుడు పోటీ లేదని చెప్పలే, ఎలక్షన్ లేదనే చెప్పిన్రు అన్నడు. ఓట్లు లేకుంటె ఎలక్షన్ ఎట్లయితది అని ముసలామె అరిచింది. ఇద్దరికి పడ్డది. మేడమ్ ఆపింది. గదైతే అదే ఉంచుతరట సారూ. బయటికి పోతె మాత్రం ఎవలనన్న ఎంబడి తీస్కపోవాల్నట. మూడు నెలలకు మళ్ళ చూస్తరట."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నేనూ ముక్కు తుడుచుకున్నాను. వానలో తిరిగినందుకే అనుకుంటాను.

"మరి ఆవిడ నీకేమైనా చెప్పిందా, మెచ్చుకుందా?"

"ఏం మెచ్చుకునుడు! డెబ్బై ఏండ్ల సంది నేను చెప్తుంటె ఎవ్వలు నమ్మలే, పుస్తకం చెప్తె నమ్మిన్రా అని నన్ను గూడ తిట్టింది. చాయ్ చల్లగైందని మళ్ళ తిట్టింది. ఇంకో మాట అడిగింది సారూ. నువ్వు ఈ దేశంల ఎన్నిసార్లు ఓటేసినవు అని."

"ఏం చెప్పావు?"

లక్ష్మీబాయి వేళ్ళు సున్నాలా చుట్టి చూపించింది. పదేళ్ళుగా ఇక్కడ ఉంటోంది. రెసిడెన్సీ ఉన్నవాళ్ళూ ఓటేయవచ్చని తెలియదట. మన వాళ్ళలో సగం మందికి తెలియదు. పౌరసత్వం వస్తేనే అనుకుంటారు. ఓటరుగా చేరమని ఎన్నికల ఆఫీసు పంపిన కాగితాలు రెండుసార్లు డ్రాయరులో పడేసిందట, బీమా కంపెనీ వాళ్ళవేమో అనుకుని. ఆ రాత్రి డ్రాయరంతా తిరగేసి ఆ ఫారం వెతికించింది. ఎవరిచేత? నాచేతే.

అక్టోబరు మొదటి వారంలో ఓట్లు తీసుకునేవాళ్ళు డబ్బా పట్టుకుని హోమ్‌కే వచ్చారు. నడవలేనివాళ్ళ కోసం అలా వస్తారు. గ్రేసీ అమ్మగారు పొద్దున ఏడింటికే నీలం కోటు వేసుకుని హాల్లో మొదటి కుర్చీలో కూర్చుందట. కాగితం చేతికివ్వగానే అభ్యర్థులను వేలుపెట్టి లెక్కపెట్టిందట. ఇంతమందేమిటి అని విసుక్కుందట. అరగంట పట్టిందట. వెనకున్నవాళ్ళు గొణిగితే, మీరు తొందరపడకండి, నేను ఆలస్యంగా మొదలుపెట్టినదాన్ని అందట.

ఆ సాయంత్రం లక్ష్మీబాయి నాకు ఫోనులో చూపించింది. ఆ రోజు డ్యూటీ అయ్యాక కంప్యూటరులో రాసేముందు, తప్పులు చూసిపెట్టమని నాకు పంపిన మెసేజి అది. నేను స్నానంలో ఉండి చూడలేదు. నా జవాబు కోసం ఆగకుండానే రాసేసిందట.

'పొద్దున టోస్టు రెండు, గుడ్డు ఒకటి తిన్నది. ఓటు వేసింది. కోపంగా ఉంది. ఆమెకు కోపం మామూలే. దీన్ని జబ్బు అనుకోవద్దు.'